చూడని స్లైడు కింద సంతకం

ఆసుపత్రి ల్యాబ్‌లో ఆవిడను అందరూ డేగకళ్ల అక్క అనేవారు. ఇరవై ఆరేళ్లుగా మైక్రోస్కోపు మీదకు వంగి, గాజు స్లైడు మీద పూసిన రక్తపు చుక్కలో ఏముందో చెప్పడమే ఆవిడ పని. అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తే గాని గుమ్మం దిగదు. "నువ్వు అద్దంలో చూసుకున్నా, అది నువ్వేనా అని ఇంకోసారి అడుగుతావు" అని భర్త వేళాకోళం చేసేవాడు. ఇంట్లో చాదస్తమనిపించుకున్న ఆ గుణమే ల్యాబ్‌లో ఆవిడకు అన్నం పెట్టింది.

ఒక సోమవారం బీరువా అంత యంత్రం దిగింది. స్లైడు పెడితే తానే ఫొటోలు తీసి, కణాలు లెక్కపెట్టి, ఏది ఏమిటో చెప్పేస్తుంది. అక్క చేయవలసిందల్లా తెర మీద 'సరే' అనో 'కాదు' అనో నొక్కడమే.

"మీ పని తేలిక చేయడానికే మేడమ్" అన్నాడు దాన్ని బిగించిన ఇంజినీరు, మొహాన నవ్వు చెరగకుండా.

"నా పని తేలికైతే నీకేం ఒరుగుతుంది నాయనా?"

అతను దగ్గి, వైర్లు సర్దుకున్నాడు.

మొదటి వారం అది రంగు మరకను కూడా కణమే అంది. అక్క 'కాదు' నొక్కింది. మరుసటి వారానికి యంత్రం ఆ తప్పు మానేసింది. అప్పుడు తట్టింది ఆవిడకు. తన నోటి దగ్గర కూడు లాక్కోవడానికి వచ్చినదానికి తానే గోరుముద్దలు తినిపిస్తోంది! అప్పట్నుంచి పక్కగదిలో మేనేజరు ఫోనులో గొంతు తగ్గించినా, అది తన గురించే అనిపించేది.

ఇంతలో చెల్లెలి కంటి ఆపరేషనుకని రెండు రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చి చూస్తే, ఆ రెండు రోజుల్లో బయటికి వెళ్లిన నలభై మూడు రిపోర్టుల కింద తన పేరే ఉంది.

"సిస్టమ్‌లో అలా వచ్చేస్తుందమ్మా. దీనికింత రాద్ధాంతమా?" అన్నాడు మేనేజరు.

"చెల్లెలి మంచం పక్కన కూర్చుని ఇక్కడ సంతకాలెలా పెట్టానండీ? నాకేమైనా మాయలొచ్చా?"

ఆ మధ్యాహ్నం తిండి మానేసి నలభై మూడు స్లైడ్లూ ముందేసుకుంది. ఒక్క తప్పు దొరికితే చాలు, దాని బండారం బయటపెట్టొచ్చు. నలభై రెండూ సరిగ్గానే ఉన్నాయి. చివరిదాంట్లో మాత్రం, రక్తంలో ఉండకూడని, క్యాన్సరుకు గుర్తు కాగల పసికణం ఒకటి ఉందని యంత్రం రాసింది. అక్క రెండుసార్లు వెతికింది. లేదు. 'దొరికావు!' అనుకుంది. అలవాటు ఊరుకోనివ్వక మూడోసారి చూసింది. స్లైడు అంచున, పెద్ద కణాల మధ్య నక్కి కూర్చుని ఉంది. రెండుసార్లూ తన చూపు దాని మీదుగానే వెళ్లింది.

 నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయినా ఆ స్లైడు పట్టుకుని పెద్ద డాక్టరు గదికే నడిచింది.

"ఇది నేనైతే వదిలేసేదాన్ని డాక్టరుగారూ, దాచను. కానీ నేను చూడనిదాని కింద నా పేరు ఉండకూడదు. రేపు ఇది పొరబడితే, ఆ ఇంటివాళ్లు వచ్చి నిలదీసేది నన్నే."

ఆయన ఆ రోగిని అప్పటికే పిలిపించి వైద్యం మొదలుపెట్టారు. అక్క మాట పూర్తి కాకముందే "మీరన్నది నిజమే, తీసేయిస్తాను" అన్నారు. మర్నాటి నుంచి ఆవిడ చూడని రిపోర్టుల మీద 'యంత్రం మాత్రమే చూసింది' అని పడసాగింది. వారం తిరక్కుండానే కౌంటరు దగ్గర జనం "మనిషి చూసిందే ఇవ్వండి" అని అడగడం మొదలుపెట్టారు. ఆ నెలలోనే, అడిగినవాళ్లకు చూసిపెట్టడానికి ఒక్కరు చాలు, మిగతావాటికి ఇక మనిషి పేరే అక్కర్లేదంటూ, ఎదుటి బల్ల దగ్గర పన్నెండేళ్లుగా స్లైడ్లు చదువుతున్నావిడను రక్తం తీసే గదికి మార్చేశారు.

"మొత్తానికి గెలిచావన్నమాట" అన్నాడు భర్త.

"ఏమో. నా పేరు తీసేయడానికి ఆ డాక్టరు మరీ అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడంటావ్?" అంది ఆవిడ, ఖాళీ అయిన ఆ బల్లను తలుచుకుంటూ.