పెట్టె చెక్క పుల్పిట్

ఇంట్లో పుస్తకాలకి బీరువాలు చేయించాలని మొన్న గుంటూరులో ఒక ప్లైవుడ్ దుకాణానికి వెళితే, దుకాణదారు బయటి దేశం నుంచి వచ్చిన తెల్లటి షీటొకటి లాగి, మూల కోసి నా చేతిలో పెట్టాడు. ఆ కోత నుంచి లేచిన వాసన, పచ్చి వేరుశనగ గింజని రెండుగా చీల్చినప్పుడు వచ్చేలాంటి మెత్తటి తియ్యటి వాసన, నన్ను నలభై ఏళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది. "బిర్చ్ ప్లై సార్, రేటు తక్కువే" అని అతను చెబుతూనే ఉన్నాడు, నేను ముక్క అంచుని వెలుతురుకి పెట్టి పొరలు లెక్కపెట్టాను, షీటుని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలి కణుపులతో కొట్టుకుంటూ పోయాను.

"ఏంది సార్, పుచ్చకాయ కొంటున్నారా?" అని దుకాణదారు నవ్వాడు.

నాతో వచ్చిన వడ్రంగి మా ఊరివాడే, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. "బానే ఉంటది గానీ, నీళ్ళు తగిలితే మాత్రం దేవదానం పుల్పిట్టే సార్" అన్నాడు.

నా చెయ్యి షీటు మీదే ఆగిపోయింది. మా ఊళ్ళో నాసిరకం పనికి ఇప్పటికీ ఆ మాటే వాడతారు. దేవదానం ఎవరో ఈ కుర్రాడికి తెలియదు. నాకు తెలుసు. ఆ మాట వెనకున్న అసలు సంగతీ తెలుసు, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది దాచేపల్లికి ఇవతల, నాపరాళ్ళ గోడలూ మిరప కళ్ళాలూ ఉన్న ఊరు. డిసెంబరు వచ్చేసరికి బండ్ల మీద వెళ్ళే పత్తి రాలి తుమ్మకంపలన్నీ తెల్లగా పూసినట్టుండేవి, పొద్దున్నే మంచులో బడికి పోతుంటే చొక్కాలకి ఆ దూది అంటుకునేది, ఇంకో నెల గడిస్తే ఊరంతా ఎండుమిర్చి ఘాటు కమ్ముకుని, తుమ్ముకుంటూనే గోళీలు ఆడేవాళ్ళం. ఆ వీధి చివర, రేకుల పాక కింద, దేవదానం బాబాయి పనిచేసేవాడు. చుట్టం కాదు, ఒకే సంఘంవాళ్ళం కాబట్టి బాబాయి. చిత్రిక పడుతుంటే లేచే పొట్టు చుట్టలు చుట్టలుగా ఆయన మోకాళ్ళదాకా పేరుకునేది, మేం వాటిని చెవులకి తగిలించుకుని లోలాకులంటూ ఎగిరేవాళ్ళం.

అప్పట్లో సిమెంటు ఫ్యాక్టరీకి ఏదో చలి దేశం నుంచి యంత్రాలొచ్చేవి. వాటి పెట్టెల్ని విప్పి ఫ్యాక్టరీవాళ్ళు తుక్కు కింద అమ్మేస్తే, పొయ్యిలోకని కొనేవాళ్ళే అందరూ. బాబాయి మాత్రం ఒక్కో చెక్కనీ చూసి ఏరుకునేవాడు. అంచున పొరలన్నీ ఒకే మందంలో ఉన్నాయా, కొడితే మధ్యలో ఎక్కడైనా డొల్ల మోగుతోందా, ఒక కన్ను మూసి బారున చూస్తే వంపుందా, అంచుకి దగ్గరగా మేకు దిగేస్తే చీలుతోందా, ఇవన్నీ చూశాక చిన్న ముక్క కోసి పాక పక్కనున్న నీళ్ళ కుండలో వేసేవాడు. పొద్దున వేసింది సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి తీసి, బొటనవేలి గోరుతో పొర లేస్తోందేమో చూసేవాడు.

ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, చెక్క మీద వేపాకంత అతుకొకటి చూపించాడు. "చూశావంట్రా? ఇక్కడ చెట్టుకి కన్నుండేది. ఎవరో మహానుభావుడు దాన్ని కోసి, అదే రంగు ముక్క ఎతికి కూర్చాడు. పెట్టెకిరా! ఊరూ పేరూ లేని పెట్టెకి ఇంత పని!" ఆ చలి దేశపు మేస్త్రి ఎదురుగా ఉంటే చేతులు పట్టుకునేవాడేమో అనిపించింది నాకు.

ఇంత మెచ్చుకుంటూనే ఆ చెక్క గురించి ఒక్క మాట కూడా పెంచి చెప్పేవాడు కాదు. "పొడిగా ఉంటే టేకుకి తమ్ముడు, నానితే అట్టముక్క" అనేవాడు. వీధి తలుపు చేసిపెట్టమని వచ్చినవాళ్ళని, బీరువా అయితే చేస్తాను, దీనితో తలుపు చెయ్యనని పంపేసేవాడు.

మా నాన్న బడిపంతులు, సంఘ పెద్ద కూడా. చర్చిలో పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పుల్పిట్, పాత వేపచెక్కది, పుచ్చి కూలిపోతే, టేకుకి తాహతు లేక బాబాయినే ఆ పెట్టె చెక్కతో చెయ్యమన్నారు. దాన్ని ఆయన వెన్న రంగులో, మొహం కనిపించేంత నునుపుగా తయారుచేసి, అంచుల్లో పొరలు దాచకుండా చారలు చారలుగా వదిలేస్తే, ఆడవాళ్ళు ప్రార్థన అయ్యాక కూడా వెళ్ళకుండా దాన్ని నిమిరి చూశారు. చర్చిలో నాపరాళ్ళ నేల, పండగలకి బిందెలతో కడిగే అలవాటు. అందుకని ఆయనే నాలుగు వేళ్ళ ఎత్తున రాళ్ళు పరిచి, దాని మీద పుల్పిట్ నిలిపాడు. "మాస్టారూ, దీనికి నీళ్ళొక్కటే పగ. కడిగేటప్పుడు రాయి మీద నించి దించనీకండి" అన్నాడు. నాన్న పక్కనే నిలబడి నేనూ విన్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు చర్చి కడిగే పని పిల్లలం మా ముగ్గురికి పడింది. రాళ్ళ చుట్టూ మట్టి కనిపిస్తే నాన్న తిడతాడని, పుల్పిట్‌ని కిందికి దించమన్నది నేనే. దించాం, బిందెలు బిందెలు కుమ్మరించాం, ఆ నీళ్ళలో పొట్టల మీద జారుడాట ఆడాం. ఇంతలో వెదురుబద్దల నక్షత్రానికి రంగు కాగితాలు అతికిస్తున్నారని కేక వినిపిస్తే, అన్నీ అట్లాగే వదిలి, తలుపు చేరేసి పరిగెత్తాం. పుల్పిట్‌ని దించిన మూల నేల పల్లం. రెండో రోజు గుర్తొచ్చి వెళ్ళి చూస్తే, పుల్పిట్ ఇంకా బెత్తెడు నీళ్ళలో నిలబడి ఉంది. ముగ్గురం కలిసి నీళ్ళు తోడేసి, దాన్ని రాళ్ళ మీదికి ఎక్కించి, గుడ్డతో తుడిచి, ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నాం.

పండగ రోజు ఇంటింటా గారెలూ కోడికూరా వాసన, కొత్త చొక్కాల గంజి వాసన, చర్చి కిక్కిరిసిపోయి ఉంది. పాస్టరుగారు రెండు చేతులూ ఆనించి ముందుకి వంగగానే అడుగు చెక్క పుస్తకంలా విచ్చుకుని, పుల్పిట్ పక్కకి ఒరిగి, బైబిలు జారి నేల మీద పడింది.

"ఏమయ్యా దేవదానం, దేవుడికి కూడా పెట్టె చెక్క అంటగట్టావా?" అన్నాడు నాన్న అందరి ముందూ. ఎవరో కిసుక్కుమన్నారు.

బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని ఉబ్బిన పొరలు తడిమాడు. "నీళ్ళు తగిలినయ్ మాస్టారూ."

"నీళ్ళెక్కడియ్యా? నువ్వు పెట్టిన రాయి మీదేగా ఉంది!"

బాబాయి ఆ రాళ్ళని చూశాడు. పొడిగా ఉన్నాయి. నేను పాటలవాళ్ళ వరసలో, కొత్త చొక్కాలో, అడుగు దూరంలో నిలబడి ఉన్నాను.

చర్చి బల్లల పని వినుకొండ మేస్త్రికి వెళ్ళింది. అది పెద్ద నష్టం కాదు. బడికి పోతూ రోజూ చూసేవాణ్ణి, కుండలో ఎప్పుడూ ఏదో ఒక ముక్క నానుతూ ఉండేది. ఒకరోజు నన్ను ఆపి, "ఒరేయ్, నువ్వు చదువుకునేవాడివి. మంచుకి ఉబ్బిందంటావా? జిగురుని నేనే సరిగ్గా చూడలేదంటావా?" అని అడిగాడు.

"ఏమో బాబాయ్" అన్నాను.

ఆ తర్వాత ఎవరైనా చెక్క తెచ్చి చూడమంటే, "నన్నడక్కండి, నా చూపు మీద నాకే నమ్మకం లేదు" అనేవాడు. ఊళ్ళో అంతటి చూపు ఇంకెవరికీ లేదు. దాన్ని ఆయన దగ్గర్నించి తీసేసుకున్నది నేను.

దుకాణానికి వెళ్ళొచ్చాక, ఆ ఆదివారం మా ఊరి చర్చికి వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పే వేళ, ఉద్యోగం వచ్చిందనీ జబ్బు తగ్గిందనీ చెప్పేవాళ్ళ తర్వాత లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సగంమందికి అర్థం కాలేదు. బాబాయి కూతురు మార్తమ్మ మాత్రం బయట నన్ను ఆపింది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీ జుట్టు నెరవాల్సొచ్చిందా అన్నయ్యా? మా నాన్న పొయ్యేదాకా తప్పెక్కడ జరిగిందా అని అదే లెక్క చూసుకున్నాడు."

తర్వాత "రా" అని ఇంటికి తీసుకెళ్ళింది. గోడ వారగా పుస్తకాల అల్మరా ఉంది. పుల్పిట్‌లో పాడైన అడుగు కోసేసి మిగిలిన పైభాగంతో ఆయన చేసిందట. రంగు తేనెలా ముదిరింది. వంపు లేదు, ఒక్క పొర విడలేదు. వేలి కణుపులతో కొట్టాను, పైనుంచి కిందిదాకా ఒకటే మోత. కింద నాలుగు వేళ్ళ ఎత్తున నాపరాయి ఉంది.

ఆ చవక బిర్చ్ షీట్లే కొన్నాను, బీరువాల కింద రాయి వేయించాను. ఎవరు నేర్పారు సార్ అని వడ్రంగి అడిగితే దేవదానం మేస్త్రి అని పేరు చెప్పాను. రేకుల పాక ఉన్న చోట ఇప్పుడు ఎరువుల కొట్టు, చర్చిలో లోపల దీపం వెలిగే అద్దాల పుల్పిట్, పొట్టు లోలాకులు పెట్టుకునే పిల్లలెవరూ లేరు. కుండ ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. దాని పక్కన కూర్చుని ఆయన అడిగినదానికి జవాబు మాత్రం నా దగ్గరే మిగిలిపోయింది. మంచు కాదు బాబాయ్, జిగురూ కాదు. నువ్వు సరిగ్గానే చూశావు. రాయి మీద నించి దించింది నేను.