ఆడవాళ్లు చూడని రీలు

నాకు కోపం తొందరగా వస్తుంది. పోవడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. ఇరవై ఏళ్లకు పైగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నా ఆ గుణం మారలేదు. మారనందుకు నేను సంతోషించిన సందర్భం ఒకటుంది.

మాది మహబూబాబాద్ పక్క తండా. ఉద్యోగం జనగామ జిల్లాలో, దేవరుప్పుల దాటాక వచ్చే ఒక ఊళ్లో. అక్కడి ఆడపిల్లల కోసం నేను ఒక పుస్తకం తయారుచేశాను. పుస్తకం అనడం కాస్త పెద్ద మాటే. నలభై పేజీలు చేత్తో రాసి, జనగామలో జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. నెలసరి అంటే ఏమిటి, కడుపులో ఏం జరుగుతుంది, గుడ్డలు మంచం కింద దాచకుండా ఎండలో ఎందుకు ఆరేయాలి, ఎప్పుడు దవాఖానకు పోవాలి, ఇవే అందులోని సంగతులు. గర్భసంచి బొమ్మ కూడా ఒకటి వేశాను. నా చేతికి బొమ్మలు రావు. కింద పేరు రాయకపోతే దాన్ని బర్రె తల అనుకుంటారు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయింది. వాళ్ల నాన్న పెన్ను కోసం సంచిలో చేయి పెడితే పుస్తకం బయటికొచ్చింది. సరిగ్గా ఆ బొమ్మ పేజీయే తెరుచుకుంది. మరునాటి నుంచి పిల్ల బడికి రాలేదు. పత్తి ఏరే రోజులు కదా, తల్లి వెంట చేనుకు పంపుతున్నారని తెలిసి నేను వాళ్లింటికి పోయాను. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"బడంటే చదువు చెప్తరనుకున్న మేడం. బూతు పుస్తకాలు పంచుతరనుకోలె. ఇగ నా బిడ్డ రాదు," అన్నాడు.

పిల్ల తలుపు చాటున నిలబడి వింటోంది. తల్లి మాత్రం నేను చెప్పిందంతా విని, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగి వచ్చేశాను. దారి పొడుగునా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. క్లాసులో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుని, నేను ప్రశ్న పూర్తి చేయకముందే చేయెత్తే పిల్ల అది. తొమ్మిదిలో ఆగిపోతే ఇక ఆగిపోయినట్టే. ఆ తర్వాత ఏం జరుగుతుందో మా తండాలో నేను చాలాసార్లు చూశాను.

వారం తిరగకుండానే బడి కమిటీ చైర్మన్ ఒక టైపు చేసిన కాగితంతో వచ్చాడు. అశ్లీల పుస్తకం పంచినందుకు క్షమించమని నేను సంతకం పెట్టాలట. పుస్తకాలన్నీ వాపసు తీసుకుని కాలబెట్టాలట. మా హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

"మా పడుసుతనంల గవర్నమెంటోళ్లు వ్యాను తోలుకొచ్చి గిసొంటి పుస్తకాల మీద సినిమా ఏసేటోళ్లు. ఊళ్లన్ని ఒక పద్ధతిల ఉండె. గసొంటి సినిమాలు ఇప్పుడేడున్నయి మేడం?" అన్నాడు చైర్మన్.

ఆ సినిమా నాకు తెలుసు. కాదు, అందులో మొదటి రెండు నిమిషాలు తెలుసు. ప్రచార వ్యాను మా తండాకూ వచ్చేది. పొద్దుగూకగానే బడి గోడకు తెల్లగుడ్డ కట్టి, ముందు దోమల మీద, తర్వాత ఎరువుల మీద సినిమాలు వేసేవారు. ఆఖరున ఆపరేటరు మైకు అందుకుని, "తల్లులారా, అక్కలారా, ఇగ మీరు పిల్లలను తీస్కొని ఇండ్లకు పోర్రి. ఇప్పుడేసేది మొగోళ్ల సినిమా, చెడు పుస్తకాల మీద," అనేవాడు. ఆడవాళ్లు చాపలు చుట్టుకుని లేచేవారు. తెర మీద కోటు వేసుకున్న దొర ఒకాయన బల్ల వెనక కూర్చుని వేలు ఆడించడం వరకు చూసేదాన్ని. అంతలో మా యాడి నా రెక్క పట్టి లాక్కుపోయేది. మా అమ్మను మేము యాడి అంటాం. మా నాన్న, మామలు మాత్రం ఆఖరు దాకా కూర్చునేవారు. మళ్లీ వ్యాను వస్తే ఆ రీలే వేయమని అడిగేవారు. చెడు పుస్తకాల మీద మావాళ్లకు అంత పట్టుదల ఉన్నందుకు నాకు గర్వంగా ఉండేది. అప్పటికి మా తండాలో చదవడం వచ్చినవాళ్లు ఇద్దరే.

చైర్మన్ మాట విన్నప్పుడు నాకు ఇదంతా గుర్తొచ్చింది. దాంతోపాటు, మా తెలుగు టీచరు మామగారు ఆ ప్రచార వ్యానులోనే ఆపరేటరుగా పనిచేశారని, పాత రీలు ఇంకా దాచుకున్నారని ఆమె చెప్పిన సంగతి కూడా.

"ఆ సినిమా నేనే తెప్పిస్తా. పిల్లల తల్లిదండ్రుల మీటింగులోనే వేద్దాం. చూసినాక సంతకం పెడతా," అన్నాను. చైర్మన్ ముఖం వెలిగిపోయింది.

ఆదివారం భూపాలపల్లి బస్సెక్కాను. పెద్దాయన అక్కడ కొడుకు దగ్గర ఉంటాడు. కొడుకుది చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. ఆఫీసువాళ్లు పారేసిన రీలును ఆయన ఇన్నేళ్లు ట్రంకు పెట్టెలో దాచాడట. పాడైపోతుందని కొడుకు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టాడు.

"ఇంగ్లీషు సినిమా బిడ్డా. ఆ దొర ఏమంటడో నాకు తెల్వది. మా ఆఫీసరు ఒక్కపారి చెప్పిండు, గదే యాదికి పెట్టుకొని సౌండు బంద్ చేసి మైకుల నేను చెప్పేటోన్ని," అన్నాడు. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "జనం లేవకపోయేటోళ్లు. అన్నా, ఇంకోపారి ఎయ్యే అని బతిలాడేటోళ్లు. నా గొంతు గట్లుండె," అన్నాడు.

మళ్లీ ఒక్కసారి మైకు పడతారా బాపూ అని అడిగితే, ఆయన లేచి ఇస్త్రీ చొక్కా వెతుక్కున్నాడు. మీటింగు శనివారమని చెప్పి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం బడి పెద్దగదిలో కిటికీలకు టార్పాలిన్లు, గోడకు తెర కట్టి ప్రొజెక్టరు పెట్టాం. పెన్‌డ్రైవ్‌లోని సినిమా నేను ముందే ఆఖరు దాకా చూశాను కాబట్టి, మహిళా సంఘంలో చెప్పి తల్లులందరినీ రప్పించాను. తండ్రులు కుర్చీల్లో, తల్లులు కింద పట్టాల మీద. ఆ పిల్ల తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చారు. చైర్మన్ లేచి గొంతు సవరించుకుని పాత మాటే అన్నాడు. "ఇది మొగోళ్లు చూసే సినిమా. ఆడోళ్లు జర బయట కూసోర్రి. అయిపోయినంక పిలుస్తం."

పాత అలవాటు ఎంత గట్టిదంటే, సగం మంది అప్పటికే కొంగులు సర్దుకుని లేవబోయారు. ఆ పిల్ల తల్లి మాత్రం కదలలేదు.

"కూలి ఇడిసిపెట్టి వచ్చిన. నా బిడ్డను బడి బంద్ చేయించింది బూతు పుస్తకమంటున్నరు గదా. అసలు బూతంటే ఎట్లుంటదో చూసే పోత," అంది. గొంతు పెంచలేదు. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. చైర్మన్ హెడ్మాస్టరు వైపు చూశాడు, ఆయన యథాప్రకారం కిటికీ వైపు చూశారు. కిటికీకి టార్పాలిన్ కట్టి ఉంది.

సినిమా మొదలైంది. కోటు దొర వేలు ఆడించాడు. పెద్దాయన మైకులో గంభీరంగా, "గిసొంటి పుస్తకాలు సమాజానికి చీడ," అన్నాడు. నిజంగానే మంచి గొంతు. ఆ తర్వాత తెర నిండా పుస్తకాల అట్టలు వచ్చాయి. గుడ్డలు సరిగా లేని ఆడవాళ్ల బొమ్మలు, కళ్ల మీద మాత్రం నల్లపట్టీ. ఒకటి పోతే ఇంకొకటి, ఎవరో తీరిగ్గా పేజీలు తిప్పి మరీ చూపిస్తున్నారు. దొర తిడుతూనే ఉన్నాడు, పేజీలు తిరుగుతూనే ఉన్నాయి. తల్లులు ముందు ముఖాలకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే కొంగు దించి మొగుళ్ల వైపు తిరిగారు.

"అన్నేండ్లు మమ్ములను ఇంటికి తోలి మీరు సూసింది గిదా?" అందొకామె.

సరిగ్గా అప్పుడే వెనక వరుసలోని ముసలాయన ఒకడు, తానెక్కడున్నాడో మరిచిపోయి, "అన్నా, ఇంకోపారి ఎయ్యే," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

గది మొత్తం నవ్వుతో ఊగిపోయింది. అంత పెద్దగా ఆ ఊరి ఆడవాళ్లు నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. పెద్దాయన మైకు దించేశాడు. తెర వైపు, ఆ ముసలాయన వైపు, తల్లుల వైపు చూశాడు. నాకు భయమేసింది, ఆయన్ను పిలిపించి అవమానించానేమో అని. ఆయన మళ్లీ మైకెత్తాడు.

"తల్లులారా, ఇన్నేండ్లు జనం నా గొంతుకే కూసున్నరనుకున్న. బూతు పుస్తకం మొఖం తెల్వని ఊళ్లకు నేనే మోసుకపోయి సూపెట్టిన. తప్పయింది," అన్నాడు.

ఆ మాటకు నవ్వు ఆగింది. నేను దొరను ఆపేసి, అదే తెర మీద నా పుస్తకం పేజీలు వేశాను. గుడ్డలు, సబ్బు, ఎండ, రక్తం తక్కువైతే తినాల్సిన ఆకుకూరలు. ఆఖరున ఆ బొమ్మ వేసి, ఇది ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది అన్నది క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆ పిల్ల తల్లి లేచి తెర దగ్గరికొచ్చింది. తన కడుపు మీద చేయి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ముగ్గుర్ని కన్న. ఇది ఎట్లుంటదో ఎవ్వరు చెప్పలె," అని భర్త వైపు తిరిగింది. "గిండ్ల బూతేడున్నదో జర సూపెట్టు."

ఆయన తల వంచుకున్నాడు. ఆమె నా వైపు తిరిగి, "సోమవారం నా బిడ్డ బడికొస్తది," అంది. తల్లులు మాకో కాపీ కావాలని నా చుట్టూ చేరారు. చైర్మన్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, టీ ఎక్కడ ఇస్తున్నారని అడిగాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. టీచరును కాబట్టి ఆగాను.

సోమవారం ప్రార్థనకు ముందే ఆ పిల్ల వచ్చింది. ఎండకు నల్లబడింది, వేళ్ల నిండా పత్తికాయల గీతలు. నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"టీచర్, మీ పుస్తకం తేలె. మా అవ్వ ఇస్తలేదు. చదువుతున్నది."

"మీ అమ్మకు చదవరాదు కదనే?"

"నేను చదువుత, ఆమె వింటది. నిన్న పన్నెండో పేజీ కాడ నిద్రొస్తుందని ఆపిన. గడప అవతల కూసున్న మా నాయిన, తర్వాతేంది చదువు అన్నడు."