ఫ్లెక్సీలో కాసిన మిరపకాయలు

దర్శిలో నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. నిరుడు మిరప విత్తనాలు కొనే రోజుల్లోనే మిషన్లో ఎర్ర ఇంకు వచ్చే హెడ్డు జామైంది. సర్వీసు ఇంజనీరుకి ఫోన్ చేస్తే, "ఆఫ్ చేసి ఆన్ చేస్తుండండి సార్, రేపొస్తా" అన్నాడు. పది రోజులు అదే రేపు.

ఈలోగా ఒక విత్తనాల కొట్టాయన, షాపు ఓపెనింగ్ అంటూ నెత్తిన కూర్చుని ఫ్లెక్సీ వేయించుకున్నాడు. ఎరుపు లేక, పచ్చటి చెట్లకి పసుప్పచ్చ కాయలు పడ్డాయి. హడావుడిలో అలాగే కట్టించాడు. మర్నాడు ఆయన ఫోన్ వస్తే, తిట్టడానికేనని భయపడుతూ ఎత్తాను.

"ఆ పసుపు కాయల రకమే కావాలని రైతులు ఎగబడుతున్నారయ్యా. ఇంకో నాలుగు అలాగే కొట్టు" అన్నాడు.

నోరు మూసుకుని కొట్టిచ్చాను. ఆ సాయంత్రమే ఇంజనీరు వచ్చి హెడ్డు మార్చాడు.

కోతలప్పుడు మా అక్క మొగుడు షాపుకొచ్చి నిలదీశాడు. "ఏరా, నువ్వేసిన ఫ్లెక్సీ చూసే ఆ విత్తనాలు కొన్నా. కాయలన్నీ ఎర్రగా కాశాయేంట్రా?"

ఆ తప్పు సొంత బావ పొలం మీదికే వస్తుందని నేననుకోలేదు. తలెత్తలేక, తెలిసిన నిజం చెప్పాను.

"మిషన్ బాగైంది బావా."