పిరిడిన్ కంపు కొట్టిన చున్నీ

నిన్న పొద్దున పద్మ నంబర్ నుంచి ఫోన్.

"చెప్పవే" అన్నాను, ఎప్పటిలాగే.

అవతల వాళ్ళమ్మాయి. "ఆంటీ... అమ్మ నిద్రలోనే పోయింది ఆంటీ."

పాఠం చెప్పడానికి కాలేజీకి బయల్దేరుతున్నాను. ఒక కాలికే చెప్పు ఉంది. అలాగే నిలబడిపోయాను.

పద్మ నా ఎమ్మెస్సీ ల్యాబ్ పార్ట్‌నర్. ఉయ్యూరులో నేతపని వాళ్ళమ్మాయి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

కెమిస్ట్రీ తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పిరిడిన్ అంటే ఆరు మూలల రింగు. ఐదు కార్బన్లు, ఒక నైట్రోజన్. బోర్డు మీద గీస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! సీసా మూత తీస్తే మాత్రం కుళ్ళిన చేపల కంపు.

ఒకరోజు ఆ సీసా నా చున్నీ మీద ఒలికింది. తొందరపాటు నాదే. సాయంత్రం ఆ కంపుతో బస్సెక్కాలంటే ఏడుపొచ్చేసింది.

పద్మ నా చున్నీ లాక్కుని తన మెడలో వేసుకుంది. వాళ్ళ నాన్న నేసిన తన నీలం చున్నీ నా మీద కప్పింది.

బస్సు బెజవాడ బెంజి సర్కిల్ దాటేసరికి అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఎవరమ్మా ఆ ఎండుచేపలు?" కండక్టర్ కేకేశాడు.

"నావేనండీ! ఉయ్యూరులో చుట్టాలకండీ, కాస్త ఓర్చుకోండి" అంది పద్మ.

వాళ్ళింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు! నవ్వు ఆపుకోలేక నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

నైట్రోజన్ రింగుల్లో పిరోల్ అని ఇంకోటుంది. పిరిడిన్ నైట్రోజన్ తన జంట ఎలక్ట్రాన్లను అడిగినవాళ్ళకి ఇచ్చేస్తుంది. పిరోల్ అంత తేలిగ్గా ఇవ్వదు, రింగులోకే కలిపేసుకుంటుంది.

"నేను పిరిడిన్‌నే. నువ్వు పిరోల్‌వి, పిసినారి మొహమా" అనేది పద్మ.

నిజమే. చున్నీలు మార్చుకోకుండానే చదువైపోయింది. ఆ తర్వాత నా టైమంతా నా సంసారానికీ, నా సిలబస్‌కే సరిపెట్టుకున్నాను.

తను మాత్రం నెలనెలా ఫోన్ చేసేది. "నీ చున్నీ కంపు ఇంకా పోలేదే. బీరువా అంతా పాడవుతోంది. వచ్చి తీసుకుపో. నాది నాకిచ్చెయ్."

"సెలవులకి వస్తాలే" అనేదాన్ని.

బెజవాడ నుంచి ఉయ్యూరు ఎంత? గంట. ఆ గంట నాకు ఇన్నేళ్ళుగా దొరకలేదు. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

నిన్న వెళ్ళాను. నీలం చున్నీ తన కాళ్ళ మీద కప్పాను.

వాళ్ళమ్మాయి బీరువాలోంచి నా చున్నీ తెచ్చిచ్చింది. ఇస్త్రీ మడత నలగలేదు.

"కంపు అప్పుడే రెండు ఉతుకులకి పోయిందంట ఆంటీ. మీరు వస్తారని అలా అనేది."

మొహానికి అదిమిపెట్టుకుని వెతికాను. ఏ మూలైనా కాస్త మిగిలి ఉంటుందేమోనని. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

వచ్చానే పద్మా. ఆలస్యంగా వచ్చాను, తిట్టుకో.

ఇంక ఎవరి కంపూ నీ మెడలో వేసుకోకుండా హాయిగా పడుకో తల్లీ.