నాలుగో చుక్క పెట్టలేదు

సౌదీలోని యాన్బులో నా పని సర్వే. పైపులు మోసే ఇనుప స్తంభం ఎక్కడ నిలబడాలో మూడుకాళ్ల మీద దుర్బీను పెట్టి చూసి నేను చెప్పాలి. పదహారేళ్లలో నా మాట మీద నిలబెట్టిన స్తంభాల్లో పీకేసింది ఒక్కటే. అదీ మొదటి ఏడాది. గొప్పలు పోతున్నానంటారా? అనుకోండి.

కిందటి చలికాలం జగిత్యాల నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఎనిమిదో తరగతి. గురుగ్రహం చంద్రుల మీద ప్రాజెక్టు రాయాలట. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒకాయన గొట్టంలోంచి చూసి, గ్రహం పక్కన చుక్కలను రోజూ గీసుకున్నాడు. అవి నక్షత్రాలు కావు, దాని చుట్టూ తిరిగే చంద్రులని ఆ గీతలతోనే తేల్చాడు.

"నువ్వు గూడ గట్లనే గీసి పంపు బాపూ. మా బాపు దుర్బీన్ల చూస్తడంటే క్లాసుల ఎవ్వలు నమ్ముతలేరు."

నాకు రోషం పొడుచుకొచ్చింది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే ఫోర్‌మన్‌ను అడిగి దుర్బీను తూర్పుకు తిప్పాను. గురుడు, పక్కన వరసగా నాలుగు చుక్కలు. రీడింగుల పుస్తకంలో పెన్నుతో గీసి ఫొటో పంపాను.

మా బండి నడిపే హైదరాబాదు భాయ్ నవ్వాడు. "ఏం అన్నా, ఈద్ ఇంక దూరముంది. అప్పుడే చాంద్ చూస్తున్నవ్?"

మరునాడు మూడే కనబడ్డాయి. మూడే గీసి పంపాను. వెంటనే ఫోన్.

"పుస్తకంల నాలుగున్నయి బాపూ. ఒకటి మర్సినవ్. పెట్టి పంపు, రేపే ఇయ్యాలె."

పెన్ను మొన ఆనిస్తే చాలు, చుక్క పడుతుంది. మొదటి ఏడాది నేను చేసిందీ అదే. డ్రాయింగులో ఉన్న అంకె నాకు రాకపోతే, వచ్చినట్టు రాసేశాను. తరువాత కాంక్రీటు పగలగొట్టి ఆ స్తంభం బోల్టులు పీకారు.

మా పనిలో ఒకసారి చూసింది లెక్కకు రాదు. దుర్బీనును తలకిందులు చేసి, వెనక్కి తిప్పి, మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకటే వస్తే తప్పు పరికరానిది కాదు. అలాగే చూశాను. మూడే.

"రెండు తీర్ల తిప్పి చూసిన బిడ్డా. లేనిది నేను పెట్ట."

"అందరు నవ్వుతరు" అని ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. నా కంటి మీద నాకు అనుమానం లేదు. కానీ బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేశానేమో.

మూడో సాయంత్రం నాలుగూ ఉన్నాయి. తప్పిపోయినది గ్రహానికి రెండో పక్క తేలింది. చెబుదామనుకునేలోపే ఫోన్ మోగింది.

"బాపూ, ఆ ఇటలీ ఆయన గూడ మొదటి రోజు మూడే గీసిండట! ఒక్కోపాలి ఒకటి గ్రహం ఎన్కకు పోతదట. సార్ పుస్తకం తిరగేసి అందరికి చూపిచ్చిండు."

"మరి సార్ చెప్పంగనే నువ్వు పెట్టిన నాలుగోది తుడిచినవా?"

"నేను పెట్టనే లేదు గదా."

తను సారుకు ఇచ్చిన కాగితం ఫొటో పంపింది. బొమ్మలో మూడు చుక్కలు. కింద పెన్నుతో రాసి ఉంది: "మూడే ఉన్నాయి. మా బాపు రెండుసార్లు చూసిండు."