తిట్టడానికి నేర్చుకున్న ఇంగ్లీషు

మా వియ్యపురాలు మొన్న మంగళవారం పొద్దున ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆవిడ నా కోడలి తల్లి. కెనడాలో, ఎడ్మంటన్‌లో మా అబ్బాయి ఇంట్లో మేమిద్దరం ఎదురెదురు గదుల్లో ఉండేవాళ్లం. ఆవిడ నన్ను వదినగారూ అనేవారు, నేనూ ఆవిణ్ణి అలాగే పిలిచేదాన్ని. పెద్దగా చదువుకోనిదాన్ని. అయినా ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకపోతే మనసు నిలవడం లేదు.

ఆవిడ నోరు పదునైనది. మా ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు. "తిండి తినవు, ఆ జుట్టు చూడు దెయ్యంలా!" అని ఆవిడ మొదలుపెడితే, పిల్ల "ఓకే అమ్మమ్మా" అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెళ్లిపోయేది. రాను రాను ఆవిడ గది వైపు రావడమే మానేసింది. అయినా ఆవిడ స్కూలు బస్సు వచ్చే వేళకి తలుపు తీసి పెట్టుకుని కూర్చునేవారు.

ఒకనాడు ఉన్నట్టుండి లైబ్రరీలో పెద్దవాళ్ల ఇంగ్లీషు క్లాసుకి వెళ్తానన్నారు. ఐసు మీద జారిపడతారేమోనని భయపడి నేనూ తోడు వెళ్లాను. బస్సులో ఉన్నంతసేపూ స్టవ్ కట్టేశామా లేదా అని నా బెంగ నాది. ఎందుకు నేర్చుకుంటున్నారని టీచరమ్మ అందర్నీ అడిగింది. ఒకాయన ఉద్యోగం అన్నాడు, ఒకామె సిటిజెన్‌షిప్ అంది. మా వదినగారు లేచి, "గ్రాండ్ డాటర్. ఫైట్," అన్నారు. క్లాసంతా నవ్వు.

"అదేం మాట వదినగారూ!" అన్నాను సిగ్గుపడి.

"మరి? తెలుగులో తిడితే దానికి ఎక్కట్లేదు. ఇంగ్లీషులో అయితే ఎక్కుతుంది."

తిట్లేమో ఆ క్లాసులో చెప్పరు. నేర్పినవన్నీ ప్రశ్నలే. ఇవాళ ఏం జరిగింది, తర్వాత ఏమైంది, ఎవరన్నారు అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ వాటినే వల్లించేవారు. ఒక సాయంత్రం పిల్ల గుమ్మం దాటుతుంటే, "వాట్ హాపెండ్ టుడే?" అన్నారు. పిల్ల బ్యాగు దింపకుండానే నిలబడిపోయింది. తర్వాత మొదలుపెట్టింది. ఎవరో స్నేహితురాలు మాట్లాడడం మానేసిందట. ఆవిడకి సగం కూడా అర్థం కాలేదు. అర్థం కానిచోట చెయ్యెత్తి "స్లో, స్లో," అనేవారు. సలహా చెప్పడానికి మాటలు లేవు, అందుకని విన్నారు.

మర్నాడు బస్సులో అన్నారు, "చిత్రంగా లేదూ? తెలుగులో దాన్ని నేను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నా నోరెంత గయ్యాళిదో ఇంగ్లీషులోకి వచ్చాక తెలిసింది."

"నాకూ అంతే. ఇంగ్లీషులో బెంగపడదామంటే మాటలు రావట్లేదు," అన్నాను.

"అయితే ఇంక నేర్చుకోకండి! అక్కడే ఆగిపోండి," అని పకపకా నవ్వారు.

ఒకే మనిషి రెండు భాషల్లో ఇద్దరెలా అవుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ ఇద్దరిలో అసలు ఆవిడ ఎవరు? అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఆఖరి నెలల్లో తెలుగులో కూడా అడగడం, వినడం మొదలుపెట్టారు. మధ్యలో పాత తిట్టొకటి జారితే పిల్లే ముందు నవ్వేది.

అంత్యక్రియల నుంచి వచ్చాక పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు, ఏమీ తినలేదు. నా ఇంగ్లీషు ఆవిడంత కూడా లేదు. ఏదో అనబోయి ఇంకేదో అంటే పిల్ల మరీ ముడుచుకుపోతుందేమో. అయినా వెళ్లాను. బేస్‌మెంట్ మెట్ల మీద నల్లకోటు విప్పకుండా కూర్చుని ఉంది.

"అమ్మమ్మ... టెల్ మీ," అన్నాను.

పిల్ల నా వంక చూసింది. కోటు అంచు దగ్గరికి లాక్కుని, గోడవైపు జరిగి, మెట్టు మీద నాకు చోటిచ్చింది.