ముందద్దానికి ముప్పై అభిప్రాయాలు

కొత్తపేటలో ఎబినేజర్ మాస్టారంత తెలివైన మనిషి లేరు, ఆయనంత సొంత అభిప్రాయం లేని మనిషీ లేరు. చొక్కా కొనాలన్నా, క్షవరం చేయించుకోవాలన్నా, మబ్బు పట్టినప్పుడు గొడుగు తీసుకెళ్లాలన్నా ఆయన ముందు నలుగుర్ని అడగాలి. "మీరేమంటారండీ?" అనే ఒక్క మాటతో అరవై రెండేళ్లు నెట్టుకొచ్చిన మహానుభావుడాయన.

ఒకసారి కడుపునొప్పని అమలాపురం వెళ్తే డాక్టరుగారు పొట్ట మీద నొక్కి, "ఇక్కడేనాండీ నొప్పి?" అని అడిగారు. మాస్టారు తల తిప్పి, వరసలో కూర్చున్న తర్వాతి రోగిని చూసి, "మీరేమంటారండీ?" అన్నారు. ఆ రోగి పాపం కాసేపు ఆలోచించి, "ఇంకొంచెం కిందకి ఉండొచ్చండి" అన్నాడు. చిత్రం ఏమిటంటే, నొప్పి నిజంగానే ఇంకొంచెం కింద ఉంది.

హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, "ఇవాళ బీజగణితం చేద్దామా, క్షేత్రగణితమా, మీరేమంటారు?" అని పిల్లల్ని అడిగారు. పిల్లలు ఏకగ్రీవంగా క్రికెట్ అన్నారు. ఏకగ్రీవాన్ని కాదనే ధైర్యం లేక మాస్టారు మైదానంలో చెట్టు నీడన కూర్చుని స్కోరు రాశారు. హెడ్మాస్టరు వచ్చి మండిపడితే, "మరి నన్నేం చెయ్యమంటారండీ?" అని ఆయన అభిప్రాయం కూడా తీసుకున్నారు.

పెళ్లిచూపుల్లో కూడా ఇదే వరస. "అమ్మాయి నచ్చిందా బాబూ?" అని పెద్దవాళ్లు అడిగితే, ఆయన ఎదురుగా తల వంచుకుని కూర్చున్న స్టెల్లానే, "మీరేమంటారండీ?" అని అడిగారు. స్టెల్లా చటుక్కున తలెత్తి, "నచ్చిందని చెప్పెయ్యండి, అవతల నాకు ఆసుపత్రిలో డ్యూటీ టైమైపోతోంది" అంది. సంబంధం అలా కుదిరింది.

స్టెల్లా పద్ధతి వేరు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోగి "అమ్మో, సూదా!" అనేలోపే సూది అయిపోయేది. ఏ పనైనా చిటికెలో తేల్చెయ్యాలి, ఎవర్నీ అడగకూడదు. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ మొగుణ్ణి ఏడిపించే మాట కూడా అదే: "మీరు అడగడం పూర్తయ్యేలోపు నేనైతే చేసి, తుడిచి, సర్దేస్తాను."

ఆ చెయ్యడం, తుడవడం, సర్దడమే సోమవారం నాడు ఆవిడ పీకల మీదకి తెచ్చింది.

వాళ్ల ఇంటి వాకిట్లో ఒక పొట్టి రకం కొబ్బరిచెట్టు ఉంది. మేడ మీద నిలబడి దోటి చాపితే గెల అందుతుంది. ఆ కాయలు ఇప్పుడు దింపించాలా, వచ్చే నెలదాకా ఆగాలా అని మాస్టారు పదిహేను రోజులుగా అభిప్రాయాలు పోగుచేస్తున్నారు. దింపు తీసే ఏసుదాసునే మూడుసార్లు అడిగారు. మూడోసారి అతను, "ఎక్కమంటే ఎక్కుతానండి, ఆలోచించమంటే మాత్రం నా వల్ల కాదండి" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున మాస్టారు పాల కోసం బజారుకెళ్లిన సమయం చూసి స్టెల్లా మేడెక్కి, దోటికి కొడవలి కట్టి, గెలని ఒక్క లాగు లాగింది. మూడు కాయలు క్రోటన్ కుండీల మధ్య పడ్డాయి. నాలుగోది సరిగ్గా వాకిట్లో నిలిపి ఉన్న వాళ్ల పాత కారు ముందద్దం మీద పడింది.

అద్దం రాలిపోలేదు. డ్రైవరు కూర్చునే వైపు, సరిగ్గా కళ్లకి ఎదురుగా, రూపాయి బిళ్లంత నక్షత్రం మాత్రం పొడిచింది. స్టెల్లా నిమిషంలో కిందకి దిగి, కాయలు వంటింట్లో పెట్టి, వాకిలి ఊడ్చి, దోటి మేడ మీద దాచేసింది. అంతా అయ్యాక గాని, తను చేసింది నేరస్థులు చేసే పని అని ఆవిడకి తట్టలేదు.

చెప్పేద్దామనే అనుకుంది, నిజానికి. మాస్టారు కోప్పడే మనిషి కాదు. కోప్పడాలంటే దానికీ నలుగుర్ని అడగాలి ఆయన. కానీ ఇన్నేళ్లుగా "నేనైతే చిటికెలో తేల్చేస్తాను" అన్న నోటితో ఇవాళ చిటికెలో ఏం తేల్చిందో చెప్పుకోవాలి. అదే ఆవిడకి మింగుడుపడలేదు.

మాస్టారు వచ్చారు, అద్దం చూశారు, కారు చుట్టూ ఒకసారి తిరిగారు. స్టెల్లా చెప్పేద్దామని నోరు తెరిచింది.

"స్టెల్లా, దీన్ని అతికించాలంటావా, మార్చాలంటావా?" అన్నారాయన.

"మార్చెయ్యండి. ఇవాళే. ఇప్పుడే."

"అంత తొందరెందుకు? నలుగుర్ని అడగనీ" అంటూ పాల సంచి ఆవిడ చేతికిచ్చి, ఎదురింటి శివనాగరాజు గుమ్మంలోకి వెళ్లిపోయారు. పాల సంచి పట్టుకుని ఆవిడ వంటింట్లోకి నడిచింది, చెప్పాల్సింది చెప్పకుండానే.

శివనాగరాజుకి మండపేట రైసు మిల్లులకి ధాన్యం తోలే లారీ ఉంది. ఆయన వచ్చి అద్దం మీద వేలితో కొట్టి చూసి, "ఇది మండపేట రోడ్డు పనేనండి మాస్టారూ. లారీ టైరు కింద రాయి లేచిందంటే తూటాయేనండి. శనివారం మీరు అటెళ్లేరు కదా!" అన్నాడు.

"ఆయ్" అన్నారు మాస్టారు. "మరి అతికించమంటారా, మార్చమంటారా?"

"అతికించెయ్యండి. మా లారీకి మూడు అతుకులున్నాయండి. అద్దం కన్నా అతుకులే గట్టిగా ఉన్నాయండి బాబూ."

లారీ రాయి అనే మాట ఒకటి బయటికి వచ్చేశాక స్టెల్లాకి పని ఇంకా కష్టమైపోయింది. అంతకుముందైతే చెయ్యి జారిందని చెబితే సరిపోయేది. ఇప్పుడు మండపేట లారీలన్నిటి మీదా పడిన నింద కూడా తనే తుడవాలి.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా అద్దం మీద పడింది. క్షవరం చేసే ఆయన అది ఎండకి పగిలిందన్నాడు. పోస్టుమాన్ ఏసీ వేసినందుకు పగిలిందన్నాడు. ఒకాయన దిష్టి అన్నాడు, పాత కారుకి దిష్టేమిటని ఇంకొకాయన ఆయనతో తగువు పెట్టుకున్నాడు. పాస్టరుగారు అతుకు కోసమూ మార్పు కోసమూ కూడా ప్రార్థన చేశారు. అందరికీ మాస్టారు "ఆయ్" అన్నారు, అందరూ మాస్టారు తమ మాటే వింటున్నారని సంతోషంగా ఇళ్లకి వెళ్లారు. ఇంటికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన మొహంలో ఏమైనా తెలిసినట్టుందా అని స్టెల్లా వెతుక్కునేది. ఏమీ కనిపించేది కాదు.

ఈలోగా నక్షత్రానికి కాలు మొలిచింది. మంగళవారం బెత్తెడు, బుధవారం జానెడు. ఇంట్లో సాక్ష్యం మాత్రం రోజురోజుకీ తరుగుతూ వచ్చింది: సోమవారం కొబ్బరి పచ్చడి, మంగళవారం కొబ్బరన్నం, బుధవారం కొబ్బరి లౌజు. మాస్టారు మారు మాట్లాడకుండా అన్నీ తిన్నారు. ఆయన ఎప్పుడూ మారు మాట్లాడరు కాబట్టి ఆవిడకి అనుమానం రాలేదు.

బుధవారం కాట్రేనికోన నుంచి చేపల గంపతో భూలక్ష్మి వచ్చింది. మాస్టారు ఆవిడనీ అడిగారు.

"నన్నడుగుతారేంటండి మేస్టారూ! నేను జన్మలో కారెక్కి ఎరగనండి."

"కారెక్కినవాళ్లందర్నీ అడిగేశానమ్మా. నువ్వేమంటావు?"

భూలక్ష్మి గంప దించింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. కారు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, సీట్లోకి తొంగి చూసి, "బండి నడిపేటప్పుడు ఈ మచ్చ మీ కంటికెదురుగా ఉంటదాండి, పక్కకుంటదాండి?" అని అడిగింది.

"ఎదురుగానే."

"అయితే మార్చెయ్యండి. చీర అంచున చిరిగితే కుట్టుకుంటామండి. కంటికెదురుగా మచ్చెట్టుకుని మావోళ్లు పడవేనా నడపరండి."

ఇన్ని రోజుల్లో ఇంత తెలివైన మాట ఎవరూ అనలేదని మాస్టారు చేతులు జోడించారు. ఆ రోజు భూలక్ష్మి ఆ వీధిలో చేపల కన్నా ముందు ఆ కబురే చెప్పుకుంది. కారు గురించి మాస్టారు తనని అడిగేరని, తను చెప్పిందని. కిటికీలోంచి వింటున్న స్టెల్లాకి నవ్వొచ్చింది, మనసులో కాస్త చల్లగా కూడా అనిపించింది. తన చేతిలో దోటి గుర్తొచ్చి ఆ చల్లదనం వెంటనే పోయింది.

అసలు గండం గురువారం వచ్చింది. శివనాగరాజు భార్య సత్యవేణి, బట్టలారేస్తున్న స్టెల్లాని ప్రహరీ అవతల నుంచి పలకరించింది.

"వదినగారూ, సోమవారం పొద్దున్న మీరు మేడ మీద ఏదో కోస్తన్నట్టున్నారు?"

"మునగాకండీ" అంది స్టెల్లా.

"మీకు మునగచెట్టు లేదు కదండీ?"

"అందుకే, దొరకలేదు" అని స్టెల్లా తడి బట్టలు తడిగానే బుట్టలో వేసుకుని లోపలికి వచ్చేసింది. సత్యవేణికి తెలుసు. మాస్టారు ఊళ్లో ఇంకా అడగని మనిషి సత్యవేణి ఒక్కతే. అడగకుండా ఆయన ఉండరు.

ఉండలేదు. సాయంత్రం నాలుగింటికి ఆయన ప్రహరీ దగ్గరకి నడిచారు. స్టెల్లా వంటింటి తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించింది.

"అమ్మా సత్యవేణీ, అద్దం అతికించాలంటావా, మార్చాలంటావా?"

"అది తర్వాత చెబుతానండి. ముందు అది ఎలా పగిలిందో నేను చెబుతాను వినండి. సోమవారం పొద్దున్న మా మేడ మీంచి నేనేం చూసేనంటే..."

"అమ్మా" అన్నారు మాస్టారు. "నేనడిగింది అతుకా, మార్పా అని. ఇంకేమీ అడగలేదు."

సత్యవేణి నెమ్మదిగా, "మార్చెయ్యండి మాస్టారూ" అంది.

స్టెల్లా తలుపుకి ఆనుకుని అలాగే ఉండిపోయింది. ఈ మనిషి పుట్టిన తర్వాత ఒకరి మాటకి అడ్డు రావడం ఇదే మొదటిసారి. రోడ్డున పోయే అపరిచితుడు గంటసేపు సలహా చెప్పినా నిలబడి వినే మనిషి. నాలుగు రోజుల్లో ముప్పై మందిని అడిగారు, ఏం చెయ్యాలని అడిగారు, ఏ దుకాణానికి వెళ్లాలని అడిగారు. ఎలా పగిలిందని ఒక్కరినీ అడగలేదు. తననైతే అసలే అడగలేదు. ఆవిడకి కళ్లు చెమర్చాయి, మొగుడి మీద ఇంత ప్రేమ ఉన్నట్టు ఆవిడకే తెలియదు.

శుక్రవారం ఇద్దరూ అమలాపురంలో అద్దాల వీర్రాజు దుకాణానికి వెళ్లారు. వీర్రాజు పగులు మీద చెయ్యి ఆనించి, "రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు తెస్తే జిగురు ఎక్కించొచ్చండి. కానీ ఇది మీ కంటికెదురుగా ఉంది చూడండి, అప్పుడొచ్చినా మార్చమనే చెప్పేవాణ్ణి. అతికినా మచ్చ ఉండిపోద్దండి, ఎదురెండలో కళ్లకి కొట్టేద్ది" అన్నాడు. ముప్పై మందిలో సరైన సమాధానం, సరైన కారణంతో సహా, చెప్పింది కారెక్కని భూలక్ష్మి అని తేలింది.

వీర్రాజు ఇన్సూరెన్సు కాగితం బల్ల మీద పరిచి, పెన్ను అందించాడు. "ఎలా పగిలిందో ఇక్కడ రాయాలండి."

మాస్టారు చర్చిలో సంఘ పెద్ద, అబద్ధం రాసే మనిషి కాదు. స్టెల్లా ఆయన చేతి వైపే చూసింది. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. కళ్లద్దాలు సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో, "నిలిపి ఉన్న కారు మీద కొబ్బరికాయ పడినది" అని రాసి సంతకం చేశారు.

"నేనే పడేశానని కూడా రాయండి" అంది స్టెల్లా.

వీర్రాజు కాగితాన్ని కిందా పైనా చూశాడు. "దానికి గడి లేదండి మేడంగారూ."

కొత్త అద్దం బిగించి, గమ్ము ఆరేదాకా వాళ్లిద్దరూ దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నారు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారమే. వైపరు కింద కొబ్బరిపీచుంది."

"ఊరందర్నీ అన్నీ అడిగేరు. ఎలా పగిలిందని నన్నొక్క మాట అడగలేదేంటండీ?"

"నాకు తెలియనివే అడుగుతాను స్టెల్లా. తెలిసింది అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు."

స్టెల్లా ఆయన చెయ్యి పట్టుకుని, గమ్ము ఆరేదాకా వదల్లేదు. బజారులో జనం చూస్తున్నారని కూడా ఆవిడకి పట్టలేదు.

ఇంటి దగ్గర కారు ఆగేసరికి వీధంతా వాకిట్లోనే ఉంది. స్టెల్లా దిగీ దిగగానే, ఎవరూ అడక్కముందే, గొంతు పెంచి చెప్పేసింది: "లారీ కాదు, ఎండా కాదు, దిష్టీ కాదండీ. కొబ్బరికాయ. దోటితో నేనే పడేశాను."

నాలుగు రోజులు ఆవిడ భయపడిన మాట అది. వీధి గుప్పుమంటుందనుకుంది. ఒక్కరూ ఆ మాట వినిపించుకోలేదు. అందరి చూపూ తళతళలాడే కొత్త అద్దం మీదే ఉంది.

"మార్చమన్నాను కదండీ! మాస్టారు నా మాట తీసెయ్యరు" అంది సత్యవేణి, పక్కింటామెతో.

"నేనూ లోపల మార్పే అనుకున్నానండి. పైకి అతుకన్నాను గాని" అన్నాడు శివనాగరాజు.

పోస్టుమాన్ సైకిలు ఆపి, అద్దం మీద గోటితో చిన్నగా కొట్టి, "మేం చెప్పిన రకమే వేసేరండి" అన్నాడు. ఏ రకమూ ఆయన చెప్పలేదు. స్టెల్లా నవ్వు ఆపుకుంటూ, "ఆయ్, మీరు చెప్పిందేనండి" అని, అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.